అరువది కాపురములు, ఒక కిటికీ

విశాఖపట్టణమున సముద్రమునకు మైలు దూరములో పది అంతస్తులుగా లేచుచున్న అరువది వాటాల గృహసముదాయమునకు కాంక్రీటు పని ముగిసి, గోడలు నిలిచి, ఇక కిటికీలు ఎట్టివి పెట్టింపవలెనను ప్రశ్న మిగిలినది. కట్టించుకొనుచున్న సహకార సంఘమునకు కార్యదర్శి ఒక విశ్రాంత బ్యాంకు అధికారి. లెక్క తప్పనివాడు, పని ఆగనీయనివాడు. ఆయన అక్కగారి భర్త ప్రభుత్వ శాఖలో భవన నిర్మాణములు నడిపి విరమించిన ఇంజనీరు. ఏ వస్తువునైనను వానలో తడిపి చూడనిదే నమ్మనివాడు. ధరల పట్టికలు ముందు పెట్టుకొని వీరిరువురును జరిపిన వాదము కిటికీ పెట్టించుకొను వారెల్లరకు నుపకరించునని తోచి, పునరుక్తులు తొలగించి ఇచ్చట పొందుపరచుచున్నాము.

కార్యదర్శి — బావగారూ, పట్టికలు మూడు వచ్చినవి: టేకు, అల్యూమినియము, యూపీవీసీ అను ప్లాస్టిక్కు. టేకు ధర చూచి దానిని నేనే పక్కన పెట్టితిని. మిగిలిన రెండింటిలో తమరు దేనిని చూపిన దానికే సంతకము చేయుదును. కాని నాదొక విన్నపము. అరువది ఇండ్లకును ఒకే కొలత, ఒకే రంగు, పక్కకు జరుగు స్లైడింగు కిటికీలే ఉండవలెను. ఒక్కొక్కరి అభిరుచి ననుసరించి ఒక్కొక్క తీరు పెట్టనిచ్చితిమా, భవనము ముఖము సంత బజారగును. నా ప్రాణము సమావేశములకే చాలును.

ఇంజనీరు — చట్రము దేనితో చేయబడినదను ప్రశ్నను నీవు మొదట పెట్టితివి. నేను దానిని నాలుగవదిగా పెట్టుదును. కిటికీ ఎంతమేర తెరచుకొనును, దానిపై ఎండ ఎట్లు పడును, గోడతో అది ఎట్లు అతుకును అను మూడు సంగతులు తేలిన పిదప గాని చట్రము మాట రాదు. చట్రము తేలిన పిదప గాని ధర మాట రాదు. నీ స్లైడింగునే తీసికొందము. పడకగది పన్నెండడుగుల చదరము, అనగా 144 చదరపు అడుగులు. ఉక్క ప్రాంతములలో నివాసపు గదికి తెరపు గది వైశాల్యములో ఆరవ వంతు ఉండవలెనని 2016 నాటి నేషనల్ బిల్డింగ్ కోడ్ చెప్పుచున్నది. 2018లో కేంద్ర విద్యుత్ శాఖ వెలువరించిన ఎకో నివాస్ సంహిత కూడ ఉష్ణార్ద్ర ప్రాంతములకు 16.66 శాతమని అదే లెక్క చెప్పినది. నీ గదికి 24 చదరపు అడుగుల తెరపు కావలెను. పట్టికలో నీ కిటికీ ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, సరిగా 24. చూపునకు లెక్క కుదిరినది. కాని రెండు రెక్కల స్లైడింగులో ఒక రెక్క మరియొక దాని వెనుకకు పోవుటయే గాని గోడలోనికి పోదు గదా. గాలి వచ్చునది సగములోనుండియే. సంహిత సైతము దానిని 50 శాతముగనే లెక్కించును; బందులపై తిరుగు రెక్కల కిటికీకి 90 శాతము ఇచ్చును. నీవు 24 అడుగుల కిటికీకి డబ్బిచ్చి 12 అడుగుల గాలి కొనుచున్నావు.

కార్యదర్శి — కాగితముపై తమ లెక్క కాదనను. అయితే ఈ కాలమున కిటికీ తెరచువారెవరు? దోమ, ధూళి, రోడ్డుపై హారనుల మోత, చాలనట్లు ఏప్రిల్ మొదలు ఏసీ. అరువది కుటుంబములలో నలుబది కుటుంబములు సూర్యుడస్తమింపకముందే కిటికీలు బిగించుకొని, ఏసీ వేసికొని, మరునాటి ఉదయము పాలవాడు పిలుచువరకు తెరువరు. తెరువని కిటికీకి తెరపు లెక్కలేల? గట్టిగా బిగిసి, లోపలి చల్లదనమును బయటికి పోనీయని కిటికీయే వారికి కావలసినది. అందుకే డబుల్ గ్లేజింగు అనగా రెండు అద్దముల మధ్య గాలి బంధించిన రకము కూడ ఒక పట్టికలో అడిగితిని. ఉష్ణప్రవాహము సగమగునని అమ్మకపు ప్రతినిధి చెప్పినాడు.

ఇంజనీరు — అతడు అసత్యము చెప్పలేదు. సత్యములో నీకు పనికిరాని భాగము చెప్పినాడు. ఒంటి అద్దములో చదరపు మీటరునకు, లోపలికిని బయటికిని ఒక డిగ్రీ భేదమునకు, సుమారు 5.8 వాట్ల వేడి పారును. జంట అద్దములో సుమారు 2.8. వెలుపల 36 డిగ్రీలు, లోపల 26 ఉన్నప్పుడు భేదము పది. ఒంటి అద్దమైన 58 వాట్లు, జంట అద్దమైన 28. మిగిలినది 30 వాట్లు. ఇక సాయంకాలము నాలుగింటికి పడమటి కిటికీపై సూటిగా పడు ఎండను చూడుము. చదరపు మీటరునకు ఆరు వందల వాట్లు పడినదనుకొన్న, సాదా అద్దము అందులో ఎనుబది శాతమును, అనగా 480 వాట్లను లోపలికి విడిచిపెట్టును. ముప్పది వాట్లకు రెండవ అద్దము కొని, 480 వాట్లకు నీడ కొనకుండుట ఏ బ్యాంకు లెక్క? మైనస్ డిగ్రీల శీతలదేశములో ఇల్లు వేడి చేసికొనువారికి జంట అద్దము ప్రాణము. లోపలికిని వెలుపలికిని ముప్పది, నలుబది డిగ్రీల భేదము నెలల తరబడి నిలుచు చోట దాని ఖర్చు దానికే తిరిగివచ్చును. మనకు శత్రువు వెలుపలి గాలి కాదు. సూటిగా పడు ఎండ.

కార్యదర్శి — శబ్దము మాట? రోడ్డు వైపు వాటాలవారు నన్ను నిత్యము పీడించుచున్నది దానికే.

ఇంజనీరు — శబ్దమునకు మందమైన అద్దమో, జంట అద్దమో కొంత సాయపడును. కాని సందు మిగిలినచో రెండును నిష్ప్రయోజనములు. కిటికీ వైశాల్యములో నూటికి ఒక వంతు సందున్నను, మిగిలిన తొంబదితొమ్మిది వంతులు ఇనుప గోడయైనను, శబ్దము 20 డెసిబెల్సుకు మించి తగ్గదు. స్లైడింగు రెక్కలు జరుగవలెనన్న వాటి మధ్య బ్రష్షు కుచ్చులే గాని బిగుతైన రబ్బరు పట్టీ ఉండజాలదు. బందులపై తిరుగు రెక్కను హ్యాండిలు తిప్పి నాలుగు వైపుల రబ్బరు గాస్కెట్టుపైకి అదిమి బిగింపవచ్చును. నీవు కోరిన బిగుతు కూడ ఆ రెక్కలోనే ఉన్నది.

కార్యదర్శి — తిరుగు రెక్క గుణములు వినుచున్నాను, దాని దోషములు నేను చెప్పుదును. తొమ్మిదవ అంతస్తులో రెక్క బయటికి తెరచియుంచి గృహిణి వంటయింటిలోనికి పోయినదనుకొనుడు. సముద్రపుగాలి ఒక్క విసురు విసరినచో ఆ రెక్క గోడకు కొట్టుకొని అద్దము పగిలి క్రిందనున్న బాలుర నెత్తిన పడును. బాల్కనీ వైపు తెరచినచో నడచువారి నుదుటికి తగులును. మరి దోమతెర? రెక్క బయటికి తెరచుకొన్నచో తెర లోపలి వైపున పెట్టవలెను. రెక్క మూయవలెనన్న ముందు తెర తీయవలెను, తెర తీసిన క్షణముననే దోమలు లోపలికి వచ్చును. స్లైడింగులో మూడవ పట్టాలపై తెర తనంతట తాను జరుగును. అన్నిటికి మించి, తొమ్మిదవ అంతస్తులో రెక్క వెలుపలి అద్దము తుడుచుట ఎవరికి సాధ్యము?

ఇంజనీరు — నీవు చెప్పినవన్నియు నిజమైన దోషములే. కావున రెక్క వెడల్పు రెండడుగులు మించరాదు; గాలికి విసురుకొనకుండ రాపిడితో నిలుపు స్టే ఉండవలెను; పసిపిల్లలున్న గదిలో నాలుగంగుళములకు మించి తెరచుకొననీయని అడ్డు ఉండవలెను. రెండడుగుల రెక్కయైనచో పక్క రెక్కలోనుండి చేయి చాచి దాని వెలుపలి ముఖము తుడువవచ్చును. బాల్కనీ వైపు రెక్కలు వలదు. అచ్చట జరుగు తలుపే ఉచితము, నేను దానికి అడ్డు చెప్పను. దోమతెర విషయములో మాత్రము నీదే పైచేయి: లోపలి తెర వేరుగా మడతపడునదో, జరుగునదో కావలెను, దానికి ఖర్చును కలదు, చికాకును కలదు. నీవు గుణదోషముల తూకములో ఈ తెర నొక వైపు పెట్టుము. రెండవ వైపున నేను వాన పెట్టుదును.

కార్యదర్శి — వాన సంగతి స్లైడింగులో ఏమి? ట్రాకునకు నీరు పోవుటకు రంధ్రములు ఉన్నవి గదా.

ఇంజనీరు — ఆ రంధ్రములు వేసవి ధూళితో పూడి, తొలకరి వానకు ముందు ఎవరును తీయరు. అది ఒక సంగతి. పూడకున్నను రెండవ సంగతి కలదు. గాలి వేగమును సెకనుకు మీటర్లలో తీసికొని, దాని వర్గమును 0.6తో గుణించినచో చదరపు మీటరునకు న్యూటన్లలో ఒత్తిడి వచ్చును. గాలిభారములకు మనవారు వాడు ఐ.ఎస్. 875 సూత్రమిది. గంటకు ఎనుబది కిలోమీటర్ల విసురు సెకనుకు 22 మీటర్లు. ఒత్తిడి సుమారు 290. ఆ ఒత్తిడి నీటిని మూడు సెంటీమీటర్ల ఎత్తున నిలువబెట్టగలదు. అనగా ఆ గాలిలో వాన కురియుచున్నంతసేపు నీ ట్రాకులోని నీరు రంధ్రములగుండ బయటికి పోదు సరికదా, మూడు సెంటీమీటర్ల మట్టమునకు లేచి నిలుచును. ట్రాకు లోపలి అంచు అంతకంటె పొట్టియైనచో నీరు గదిలోనికి దిగును. పట్టికలో ఈ అంచు ఎత్తు ఎవరైన వ్రాసినారా చూడుము. రంగు వ్రాసినారు, హ్యాండిలు తీరు వ్రాసినారు, వారంటీ వ్రాసినారు. నీరు లోపలికి వచ్చునో రాదో నిర్ణయించు ఆ ఒక్క అంకె వ్రాయలేదు.

కార్యదర్శి — ఎనుబది కిలోమీటర్ల గాలి ఏటికొకసారి వచ్చును. దానికై నిత్యజీవనము మార్చుకొందుమా?

ఇంజనీరు — ఈ ఊరివాడవై ఆ మాట అనుచున్నావా? ఐ.ఎస్. 875 హైదరాబాదునకు మూల వాయువేగము సెకనుకు 44 మీటర్లనియు, విశాఖపట్టణమునకు 50 అనియు నిర్ణయించినది. యాబది మీటర్లనగా, ఎత్తును పరిసరములును బట్టి చేయవలసిన సవరణలు విడిచినను, చదరపు మీటరునకు 1500 న్యూటన్లు. నీ ఆరడుగుల కిటికీపై మూడు వందల కిలోలకు పైబడిన బరువు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరమును దాటినప్పుడు అద్దములు పగిలిన గదులలోనికి గాలి జొచ్చి, లోపలినుండి పైకప్పులను, తలుపులను నెట్టినది. ఆ పిమ్మట రోజుల తరబడి కరెంటు లేదు. ఏసీ కొరకని బిగించుకొన్న గదులలో, సగమే తెరచుకొను కిటికీల ముందు, ఎత్తు అంతస్తులవారు ఎట్లు గడపియుందురో నీవే ఊహింపుము. తెరువని కిటికీకి తెరపు లెక్క ఏలయని అడిగితివి; తెరువక తప్పని దినము వచ్చినప్పుడు తెరచుకొనుటకే.

కార్యదర్శి — హుద్‌హుద్ పేరు ఎత్తినచో ఈ ఊరిలో వాదము ముగియును. తమరు ఆ సంగతి తెలిసియే ఎత్తినారు. సరే, రెక్కల కిటికీ అనుకొందము. ఇప్పుడైనను చట్రము మాటకు రావచ్చునా?

ఇంజనీరు — రాకూడదు, అతుకు మిగిలినది. కిటికీ ఎంత గొప్పదైనను, గోడకును చట్రమునకును నడుమనున్న అరంగుళపు సందును ఎవరు, దేనితో నింపుదురను దానిపైననే అరువది ఇండ్ల గోడలు తడియుటయో తడియకపోవుటయో ఆధారపడియున్నది. మన మేస్త్రీలు గోడ కన్నమును వంకరగా విడుతురు. కిటికీలవాడు వచ్చి చట్రమును మేకుల మరలతో బిగించి, వంకర మిగిలిన చోటనెల్ల సిలికాను పిచికారి చేసి పోవును. రెండేండ్లలో ఎండకు ఆ పూత విడివడును. మూడవ వర్షాకాలమున లోపలి గోడపై మచ్చ కనబడును. అప్పుడు కిటికీలవాడు ప్లాస్టరు చెడ్డదనును, ప్లాస్టరు మేస్త్రీ కిటికీ చెడ్డదనును. కావున కిటికీ అడుగు గట్టు వెలుపలికి వాలుగా ఉండవలెను. పైనున్న సన్‌షేడ్ అడుగున నీరు వెనుకకు పాకకుండ గాడి తీయవలెను. చట్రము గోడ వెలుపలి అంచుననే గాక కొంత లోపలికి జరుగవలెను. సందులో ముందు మెత్తని స్పాంజి తాడు దూర్చి, దానిపై సీలెంటు పట్టవలెను. సందు నింపు వస్తువు అగ్ని విషయములోను అల్పమైనది కాదు. లండనులోని గ్రెన్‌ఫెల్ టవరు 24 అంతస్తుల నివాస భవనము. 2017 జూన్ 14న ఒక వంటగదిలో పుట్టిన మంట దానిని చుట్టుముట్టి 72 మందిని పొట్టన పెట్టుకొన్నది. ఆ మంట వెలుపలి తొడుగులోనికి చేరిన మార్గము, వేడిపొగకు మెత్తబడి వంగిన యూపీవీసీ కిటికీ అంచు గుండ అయియుండుటకే ఎక్కువ అవకాశమని విచారణ సంఘము 2019 నాటి తొలి నివేదికలో తేల్చినది. మన గోడలు ఇటుక, సిమెంటువి. అట్టి తొడుగు మనకు లేదు. ఆ ప్రమాదము అట్లే మనకు వచ్చునని నేను అనను. కాని కిటికీ ఒక ఇంటిది, దాని చుట్టునున్న సందు భవనమంతటిది అను పాఠము మాత్రము మనకును వర్తించును.

కార్యదర్శి — అగ్ని మాట వచ్చినది గనుక ఇంకొక చిక్కు. సభ్యులందరును ఇనుప గ్రిల్లులు కోరుచున్నారు. దొంగ భయమునకు సగము, పిల్లల భయమునకు సగము.

ఇంజనీరు — గ్రిల్లు ఉండనిమ్ము. ప్రతి ఇంటిలో కనీసము ఒక గదికి మాత్రము లోపలినుండి తాళము తీసి తెరువదగిన గ్రిల్లు ఉండవలెను, తాళపుచెవి ఆ గదిలోనే చేయి అందు చోట వ్రేలాడవలెను. అంతకు మించి వాదము అక్కరలేదు. ఇక నీ చట్రమునకు వచ్చెదను.

కార్యదర్శి — ధన్యుడను.

ఇంజనీరు — యూపీవీసీకి ఉప్పుగాలి భయము లేదు. తుప్పు పట్టదు, రంగు అక్కరలేదు, వేడిని పారనీయదు. కాని అది మెత్తని పదార్థము. బిగుతు దాని లోపల దూర్చిన జింకు పూత ఇనుప పట్టీ వలన వచ్చును. అమ్మకపువారు పొదుపు చేయునది అచ్చటనే. పట్టీ పలుచన చేసినను, పొట్టి చేసినను వెలుపలికి తెలియదు. గాలికి చట్రము వంగినప్పుడే తెలియును. అది ఎండకు సాగును కూడ: మీటరున్నర పొడవు ముక్క ముప్పది డిగ్రీల భేదమునకు మూడు మిల్లీమీటర్లు పెరుగును, అదే అల్యూమినియము ఒక మిల్లీమీటరే. ముదురు రంగు పొర వేయించుకొన్నచో ఇంకను వేడెక్కును. కావున యూపీవీసీయైన తెలుపే మేలు. అల్యూమినియము సన్నని చట్రముతో ఎక్కువ గాలిబరువు మోయును, నిప్పునకు తొందరగా వంగదు. కాని వేడిని అతి సులభముగా పారించును, ఉప్పుగాలికి చుక్కలు చుక్కలుగా తినబడును, తడి సిమెంటు తగిలినను పాడగును. ప్లాస్టరు పని ముగియువరకు దానిపై అంటుపట్టీ ఉంచవలెను. సముద్రతీరమున పూత మందము మైక్రాన్లలో వ్రాయించుకొని, కొలిచి చూడవలెను. రెండింటికిని సామాన్యమైన రోగము ఒకటి కలదు: చట్రము బాగుండును, మరలు, స్టేలు, చక్రములు తుప్పుపట్టును. తీరమునకు 304 రకపు స్టెయిన్‌లెస్ స్టీలు చాలదు, మాలిబ్డినము కలిసిన 316 కావలెను. చట్రమును చూచి బేరమాడువాడు మరను చూడడు. మొదట చెడునది మరయే.

కార్యదర్శి — ఇంతకును రెండింటిలో ఏది?

ఇంజనీరు — ఐదవ అంతస్తు వరకు యూపీవీసీ, ఆ పైన అల్యూమినియము అనుటకు నాకు మనస్కరించుచున్నది. ఎత్తు పెరిగిన కొలది గాలి పెరుగును.

కార్యదర్శి — అచ్చట నేను ఒప్పుకొనను. ఈసారి లెక్క నాది. అద్దము మాట చూడుడు. తమరే టఫెన్డ్ అద్దము కావలెనందురు. దానిని తయారైన పిమ్మట కోయుటకు వీలులేదు, కొలత ఇచ్చి చేయించుకొనవలసినదే. పగిలినప్పుడు పది రకముల కొలతలున్నచో ప్రతిసారి పది దినములు అట్టముక్క అంటించుకొని కూర్చొనవలెను. ఒకే కొలత యైనచో సంఘము పది అద్దములు ముందే చేయించి నిలువ ఉంచును. స్టేలు, మరలు, హ్యాండిళ్లు అంతే. ఇద్దరు తయారీదారులు, రెండు చట్రములు, రెండు రకముల విడిభాగములు పెట్టినచో, పదునైదేండ్ల తరువాత ఒకడు వ్యాపారము మానినప్పుడు సగము భవనము అనాథయగును. తమరు కిటికీని గూర్చి ఆలోచించుచున్నారు. నేను కిటికీ బాగు చేయించవలసిన రాబోవు కార్యదర్శిని గూర్చి ఆలోచించుచున్నాను.

ఇంజనీరు — ఇది బలమైన మాట. నా అంతస్తుల విభజనను ఉపసంహరించుకొందును. పై అంతస్తు గాలికి సరిపడు అల్యూమినియము చట్రమునే క్రిందికిని పెట్టుము. దానివలన లోహము వేడి పారించుట అను దోషము మిగులును గాని, నీడ ఉన్న కిటికీకి అది పెద్ద దోషము కాదు. అద్దము విషయములో ఒక సవరణ: టఫెన్డ్ అద్దము గులకరాళ్లవలె చిన్న ముక్కలై పగులును గనుక దగ్గరివారికి కోత పడదు, కాని లోనున్న నికెల్ సల్ఫైడు కణము వలన అరుదుగా తనంతట తానే పగులుటయు కలదు, తొమ్మిదవ అంతస్తునుండి ఆ గులకలు రాలుట క్షేమము కాదు. బాటపై వ్రేలాడు కిటికీలకు రెండు అద్దముల నడుమ పొర పెట్టిన లామినేటెడ్ రకము పెట్టుము. పగిలినను చట్రములోనే నిలుచును. కొలత ఒకటే, చట్రము ఒకటే, అద్దము రెండు రకములు. ఇది నీ కార్యదర్శికి భారము కాదు.

కార్యదర్శి — కాదు. అయితే ఏకరూపత గెలిచినదని వ్రాసికొందునా?

ఇంజనీరు — కొలతలోను విడిభాగములలోను గెలిచినది, నీడలో ఓడినది. సూర్యుడు నీ తీర్మానమునకు లోబడడు. మన అక్షాంశము 17.7 డిగ్రీలు. దక్షిణపు కిటికీకి రెండడుగుల సన్‌షేడ్ ఉన్నచో, విషువత్తున మధ్యాహ్నము ఆరడుగులకు పైగా నీడ పడును. డిసెంబరులో రెండడుగుల పైచిలుకు పడి, చలికాలపు ఎండను కొంత లోపలికి రానిచ్చును. ఎంత మర్యాద! మే రెండవ వారము మొదలు జూలై ముగియువరకు మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరమునకు ఒరుగును గనుక ఉత్తరమున కూడ చిన్న సన్‌షేడ్ కావలెను. పడమట మాత్రము సాయంకాలపు ఎండ సన్‌షేడ్ క్రింద నుండి దూరి వచ్చును. అచ్చట నిలువు పలకలో, కదలు రెక్కల తెరయో తప్ప ఉపాయము లేదు. కావున కిటికీ ఒకటే, దాని వెలుపలి నీడ దిక్కునకొక తీరు. పుదుచ్చేరి అరవిందాశ్రమములోని గోల్కొండ్ వసతిగృహము చూచితివా? ఆంటోనిన్ రేమండ్ రూపకల్పనలో 1930ల చివర మొదలై 1940లలో పూర్తియైనది. నిజాము ప్రభుత్వపు విరాళము దాని దివాను హైదరీగారి ద్వారా అందినందున ఆ పేరు వచ్చినది. అనేకులు నివసించు భవనమై యుండియు దాని ముఖములలో అద్దమే లేదు. గది వెడల్పున సిమెంటు రేకుల అడ్డపలకలు, చేతితో తిప్పిన తెరచుకొనునవి, మూసికొనునవి. ఎండ ఆగును, గాలి వచ్చును, మన తూర్పుతీరపు వాన వెలుపలనే ఉండును. బొంబాయిలో చార్లెస్ కొరియా 1983లో పూర్తిచేసిన కాంచనగంగ అపార్టుమెంట్లలో కూడ చూపును, సముద్రపుగాలియు ఏ దిక్కున వచ్చునో ఎండ, వానలు కూడ ఆ దిక్కుననే కొట్టుచుండుటచే, గదికిని ఆకాశమునకును నడుమ లోతైన వరండా తోటలను నిలిపినారు. ఈ ఇద్దరును కిటికీని అంగడిలో కొనుటకు ముందు దాని ముందరి నీడను గీసినారు.

కార్యదర్శి — బావగారూ, తమ ఉపన్యాసములో వారిద్దరును గొప్పవారే; నా సంఘములో పడమటి వాటాలు ఇరువది. నిలువు పలకల ఖర్చు అరువదిమందిపై వేయవలెనా, ఇరువదిమందిపైనా? తూర్పు వాటాలవారు సముద్రము కనబడునని ఎక్కువ సొమ్మిచ్చి కొన్నారు. పడమటివారు ఎండ పడునని తక్కువకు కొన్నారు. ఆ తగ్గింపు తీసికొనినవారికే ఇప్పుడు నీడ కూడ ఇతరుల సొమ్ముతో ఇమ్మందురా? ఇది న్యాయమని సర్వసభ్య సమావేశములో ఏ ముఖముతో చెప్పుదును?

ఇంజనీరు — లిఫ్టు ఖర్చు మొదటి అంతస్తువారును ఇచ్చుచున్నారు గదా?

కార్యదర్శి — మొదటి అంతస్తువారు లిఫ్టు ఎక్కి మేడమీదికి బట్టలారవేయ పోవుదురు. తూర్పువారు పడమటివారి పడకగదిలోనికి నిద్రింప పోరు.

ఇంజనీరు — పోరు. కాని పడమటి ఇరువదిమంది ఎండకు తాళలేక ఒక్కొక్కరు ఒక్కొక్క రంగు రేకుల పందిరియు, వెదురుచాపయు, నల్లని అద్దపు కాగితమును అంటించుకొందురు. నీ భవనము ముఖము సంత బజారగునని మొదటనే భయపడితివి. ఆ సంతకు దారి ఇదియే. ఏకరూపత కావలెనన్నచో దాని ఖర్చును అందరును మోయవలెను. అరువది ఇండ్ల కిటికీని ఒక సంఘము ఒక దినమున నిర్ణయించునప్పుడు, ఆ నిర్ణయము వెనుక నివసింపనివారే అధికులు. మంచి కిటికీ పొందినవాడు సమావేశమునకు రాడు, చెడ్డ కిటికీ పొందినవాడు ప్రతి సమావేశమునకును వచ్చును. కావున ధర కంటె ముందు బాధ్యత వ్రాయుము. అమ్మకపు బిల్డరు కట్టిన ఇండ్లకైనచో 2016 నాటి రెరా చట్టము 14వ సెక్షను, స్వాధీనమిచ్చిన నాటినుండి ఐదేండ్లలో బయటపడు నిర్మాణలోపమును, పనితనపు లోపమును తెలియజేసిన ముప్పది దినములలో ఉచితముగా సరిచేయవలెనని విధించుచున్నది. మనము మనకే కట్టించుకొనుచున్నాము. అంతకు తక్కువ గాని షరతును కిటికీలవాని ఒప్పందములో మనమే వ్రాసికొనవలెను. చట్రము, మర, అతుకు, మూడింటికిని ఒకడే జవాబుదారి. ప్లాస్టరు మేస్త్రీపై త్రోయుటకు వీలులేదు.

కార్యదర్శి — అది ఇప్పుడే వ్రాయుచున్నాను. మరి తమ ఆరవ వంతు లెక్క?

ఇంజనీరు — ఆరడుగుల వెడల్పున రెండడుగుల రెక్కలు మూడు, మూడును తెరచుకొనునవి. పైన అడుగు ఎత్తు వెంటిలేటరు. మొత్తము 30 చదరపు అడుగులలో 90 శాతము 27, కావలసినది 24. వానలో రెక్కలు మూసినను వెంటిలేటరు సన్‌షేడ్ నీడన తెరచియుంచవచ్చును. అరువది ఇండ్లకు ఆర్డరు ఇచ్చుటకు ముందు ఒక్క కిటికీ చేయించి, ఏడవ అంతస్తులో పడమటి గోడకు, నీ మేస్త్రీ ప్లాస్టరుతోనే అమర్పించి, అగ్నిమాపక గొట్టము కాకపోయినను తోటగొట్టముతో అరగంట నీరు కొట్టించుము. లోపలి గోడ పొడిగా ఉన్న పిదప సంతకము చేయుము. అమ్మకపు ప్రతినిధి ఆ సమయమున లోపలి వైపు నిలుచుండవలెను, వెలుపల కాదు.

కార్యదర్శి — నమూనా కిటికీకి ఒప్పితిని, రెక్కలకు ఒప్పితిని, ఒప్పందపు షరతుకు ఒప్పితిని. పడమటి పలకల ఖర్చు మాత్రము నాకు మింగుడు పడలేదు. దానిని తమ పేర ప్రత్యేక తీర్మానముగా సర్వసభ్య సమావేశములో పెట్టుదును. దానికి వ్యతిరేకముగా నేనే లేచి మాట్లాడుదును. తూర్పు వాటాలు నలుబది గనుక గెలుపు నాదే కావచ్చును. ఓడితినా, మొదటి చెక్కుపై సంతకము నాది. నా వాటా తూర్పు వైపుననే ఉన్నదని తమరికి తెలియును.

ఇంజనీరు — తెలియును. కావుననే వెదురుచాపలు, రేకుల పందిళ్లు కట్టిన తరువాత ఆ పడమటి ముఖము ఎట్లుండునో బొమ్మ గీయించి, ఆ సమావేశమునకు తెచ్చెదను. నీ నలుబదిమందికిని రోడ్డుమీదనుండి ఇంటికి వచ్చు దారి పడమటి వైపుననే గదా!